నగరం సొంత కంపెనీ లెక్కల మీద సంతకం పెట్టాలి, ముందు ఏం చూసుకోవాలి?

కొత్త_డైరెక్టర్

అందరికీ నమస్కారం. నేను నగరపాలక సంస్థ ఆర్థిక విభాగంలో పనిచేస్తాను. నగరానికి నూటికి నూరు శాతం వాటా ఉన్న బస్సుల కంపెనీ ఒకటి ఉంది, దాని బోర్డులో నన్ను ఈ మధ్యే డైరెక్టరుగా వేశారు. వచ్చే మీటింగులో వార్షిక లెక్కలకు ఆమోదం తెలపాలి. ఫైలు తిరగేస్తుంటే టెన్షన్ పట్టుకుంది, అందుకే అడుగుతున్నాను.

విద్యార్థులకు, వృద్ధులకు ఇచ్చే ఉచిత పాసుల డబ్బు నగరమే కంపెనీకి చెల్లించాలి. ఆ ఒప్పందం గడువు ఆర్థిక సంవత్సరం మధ్యలోనే తీరిపోయింది, కొత్తది ఇంకా సంతకం కాలేదు. బస్సులు తిరుగుతూనే ఉన్నాయి, పాసులు చెల్లుతూనే ఉన్నాయి, కంపెనీ నెలనెలా బిల్లు పంపి దాన్ని ఆదాయంగా రాసుకుంటూనే ఉంది. నగరం పుస్తకాల్లో మాత్రం ఆ బాకీ ఎక్కడా లేదు. ఆ పుస్తకాలు నేను రోజూ చూసేవే కాబట్టి ఈ మాట ఖాయంగా చెప్పగలను.

ఇంకోటి ఉంది. చేతిలో డబ్బు చాలక, ఉద్యోగుల జీతాల్లోంచి పట్టుకున్న పన్నును కంపెనీ ఆలస్యంగా కడుతోంది. ఇంత జరుగుతుంటే మేయర్ ఆఫీసు నుంచి ఫోన్, "ఈసారికి లాభం చూపించి పాస్ చేసేయండి, తర్వాత చూసుకుందాం" అని. నేను నగరం ఉద్యోగిని, అదే సమయంలో కంపెనీ డైరెక్టర్‌ని. ఎవరి మాట వినాలి? ఇలాంటివి చూసినవాళ్లు చెప్పండి.

ఆడిట్_కళ్లు

ఎవరి మాట వినాలి అన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ ఆదాయం సంగతి. లెక్కలు రాయడానికి అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి, ఐఎఫ్‌ఆర్‌ఎస్, ఐఏఎస్ అనే పేర్లతో. వాటిలో ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 ప్రకారం ఆదాయం రాసుకోవాలంటే మొదట ఒప్పందం ఉండాలి, ఇరుపక్షాల హక్కులు తెలియాలి, డబ్బు వసూలయ్యే అవకాశం బలంగా కనిపించాలి. గడువు తీరిన ఒప్పందం మీద, అవతలివాడు బాకీ ఉన్నానని ఒప్పుకోని బిల్లు మీద ఈ మూడూ ఉన్నాయని ఏ ఆడిటర్‌కైనా ఎలా చూపిస్తారు? నగరం ఇచ్చేది టికెట్ల డబ్బు కాదు, సాయం అనుకుంటే ప్రభుత్వ గ్రాంట్ల ప్రమాణం ఐఏఎస్ 20 కిందికి వస్తుంది, కానీ అక్కడ కూడా ఆ గ్రాంట్ వస్తుందన్న తగినంత భరోసా ఉండాలి. కాబట్టి ఏ దారిలో వెళ్లినా నగరం నుంచి కాగితం కావాల్సిందే.

మీరు రెండు వైపుల పుస్తకాలూ చూస్తున్నారు అన్నారు చూడండి, మీకు అసలు ఇబ్బంది అక్కడుంది. మిగతా డైరెక్టర్లు తమకు తెలియదని అనొచ్చేమో, మీరు అనలేరు.

ఒక పని చేయండి. రావలసిన బాకీల వయసు పట్టిక అడగండి, ఏ బిల్లు ఎన్ని రోజులుగా రావాలో చూపించేది. మొత్తాలు చూసి వదిలేయొద్దు, బిల్లు నంబర్లు, తేదీలతో సహా తెప్పించుకోండి.

సెక్రటరీ_డెస్క్

నేను కంపెనీ సెక్రటరీగా ఇలాంటి బోర్డుల్లోనే పనిచేశాను, ఫోన్ సంగతి నేను చెప్తాను. ఫోన్‌లో వచ్చిన ఆదేశానికి బోర్డు గదిలో విలువ లేదు. యజమాని అయిన నగరం కంపెనీకి ఆదేశం ఇవ్వొచ్చు, కాదనడం లేదు, కానీ దానికో పద్ధతి ఉంటుంది. ఇంగ్లండ్‌లో ప్రైవేట్ కంపెనీల నమూనా నియమావళిలో నాలుగో నిబంధన చూడండి, వాటాదారులు ప్రత్యేక తీర్మానం చేసి డైరెక్టర్లకు ఫలానా పని చేయమని గానీ మానమని గానీ చెప్పొచ్చు. జర్మనీలో అయితే కంపెనీ రూపాన్ని బట్టి మారిపోతుంది. జీఎంబీహెచ్, అంటే పరిమిత బాధ్యత కంపెనీ అయితే వాటాదారుల సభ మేనేజర్లకు నేరుగా ఆదేశాలివ్వొచ్చు, ఏజీ, అంటే షేర్ల కంపెనీ అయితే యాజమాన్య బోర్డు తన సొంత బాధ్యత మీదే నడపాలి. అందుకే మీ కంపెనీ నియమావళిలో వాటాదారు అధికారాలు ఏమేం రాశారో ముందు అది తీసి చదవండి.

ఎంత అధికారం ఉన్నా, తప్పు లెక్కల మీద సంతకం పెట్టమనే అధికారం మాత్రం ఎవరికీ లేదు. అలా తెర వెనక నుంచి చెప్పేవాళ్ల మాట ప్రకారమే డైరెక్టర్లు నడవడం అలవాటైతే, 2006 నాటి బ్రిటిష్ కంపెనీల చట్టం సెక్షన్ 251 ఆ చెప్పేవాళ్లను షాడో డైరెక్టర్ అంటుంది. అంటే డైరెక్టర్ బాధ్యతలు వాళ్ల మెడకూ చుట్టుకోవచ్చు. మేయర్ ఆఫీసులో ఫోన్ చేసినాయనకు ఈ ముక్క మర్యాదగా చేరవేయండి, రాతపూర్వకంగా పంపమని అడగండి. నా అనుభవంలో రాతలో అడిగాక సగం ఆదేశాలు తిరిగి రావు.

వార్డు_గొంతు

ఒక్క మాట. నేను కౌన్సిల్‌లో కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు లేను. మీరంతా మేయర్ ఆఫీసు జోక్యం అనగానే తప్పు అన్నట్టు మాట్లాడుతున్నారు. జనం ఓటు వేసింది మాకు, బోర్డుకు కాదు. బస్సు ఏ బస్తీకి వెళ్లాలి, పాసు ఎవరికి ఉచితం అన్నది మేమే నిర్ణయించాలి. అసలు చాలా చోట్ల ఈ కంపెనీలు పెట్టిందే కౌన్సిల్‌లో ప్రశ్నలు తప్పించుకోడానికి. ఏదన్నా అడిగితే "అది కంపెనీ వాణిజ్య రహస్యం" అంటారు, నష్టం వచ్చినప్పుడు మాత్రం మళ్లీ కౌన్సిల్ ముందుకే వచ్చి చెయ్యి చాపుతారు. నిపుణుల బోర్డు, స్వతంత్ర బోర్డు అని పేరు పెట్టి ప్రజల అజమాయిషీ తీసేస్తే ఎలా?

ఆడిట్_కళ్లు

@వార్డు_గొంతు గారూ, ఉచిత పాసు ఎవరికివ్వాలో మీరే నిర్ణయించండి, అందులో పేచీ లేదు. ఇచ్చిన పాసుకు డబ్బు ఎంత, ఎప్పుడు, ఏ పద్దు కింద ఇస్తారో కూడా అదే తీర్మానంలో రాయండి అనే మేం అడిగేది. విధానం మీది, దాని ఖర్చు కూడా మీ పుస్తకంలోనే కనిపించాలి. ఇక్కడ జరుగుతున్నదేంటంటే విధానం కౌన్సిల్‌లో ఉంది, నష్టం కంపెనీ పుస్తకంలో దాక్కుంది.

ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ, అదే ఓఈసీడీ, ప్రభుత్వ సంస్థల పాలన మీద మార్గదర్శకాలు మొదట 2005లో తెచ్చింది, 2015లో, మళ్లీ 2024లో సవరించింది. వాటిలో ఇది మొదట్నుంచీ ఉన్న మాటే. ప్రజల కోసం అదనంగా చేయించే పనికి అయ్యే ఖర్చును విడిగా లెక్కకట్టి, ఎవరు భరిస్తున్నారో బయటపెట్టాలి.

మీరన్న రెండో మాటతో మాత్రం పూర్తిగా ఏకీభవిస్తాను. వాణిజ్య రహస్యం అనేది చాలా చోట్ల దుర్వినియోగం అవుతోంది.

పన్ను_కట్టేవాడు

నేను అకౌంటెంట్‌ని కాదు, నగరంలో పన్ను కట్టే మామూలు మనిషిని. ఒక ప్రశ్న. నగరం కంపెనీలో ఏం జరుగుతోందో నాలాంటివాడికి ఎలా తెలుస్తుంది? నగరం బడ్జెట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, కంపెనీ లెక్కలు మాత్రం ఎక్కడా దొరకవు. అడిగితే ఆడిట్ అవుతోంది అంటారు. ఎప్పుడూ అవుతూనే ఉంటుంది.

సెక్రటరీ_డెస్క్

@పన్ను_కట్టేవాడు గారూ, మంచి ప్రశ్న అడిగారు. దీనికి గడువులు చట్టంలోనే పెట్టిన దేశాలున్నాయి. దక్షిణాఫ్రికాలో 2003 నాటి మునిసిపల్ ఆర్థిక నిర్వహణ చట్టం సెక్షన్ 126 ప్రకారం నగరం సొంత సంస్థ, ఆర్థిక సంవత్సరం ముగిసిన 2 నెలల్లో లెక్కలను అటు నగరానికీ ఇటు ఆడిటర్ జనరల్‌కీ ఇవ్వాలి. కంపెనీలతో కలిపిన నగరం ఉమ్మడి లెక్కలకు 3 నెలలు. ఆ తర్వాత ఆడిటర్ జనరల్‌కు ఇంకో 3 నెలలు. అక్కడ అధికారం లేని ఖర్చు, నిబంధనలకు విరుద్ధమైన ఖర్చు, వృథా ఖర్చు అని విడివిడిగా చూపించాలి. 2019 ఏప్రిల్ నుంచి ఆడిటర్ జనరల్‌కు ఇంకా పదునైన అధికారం వచ్చింది, తీవ్రమైన అక్రమం కనబడితే సరిదిద్దమని కట్టుబడే ఆదేశం ఇవ్వొచ్చు. ఇన్ని ఉన్నా అక్కడి మునిసిపాలిటీల ఆడిట్ ఫలితాలు గొప్పగా లేవు, అది వేరే సంగతి. కానీ ఎవరు ఆలస్యం చేశారో మాత్రం పేరుతో సహా బయటపడుతుంది.

జర్మనీలో రాష్ట్రాల మునిసిపల్ చట్టాల కింద చాలా నగరాలు ఏటా వాటాల నివేదిక వేస్తాయి. నగరానికి ఏ కంపెనీలో ఎంత వాటా ఉంది, ఆ కంపెనీ ఏం చేస్తోంది, లాభమా నష్టమా, బోర్డులో ఎవరున్నారు, అన్నీ ఒకే పుస్తకంలో ఉంటాయి. నాకు బాగా నచ్చే పద్ధతి ఇది.

ఖజానా_వైపు

నేను ఒక నగరం ఖజానా వైపు పనిచేస్తాను, మా కష్టం కూడా వినండి. ఈ కంపెనీలకు నగరం ఒకే ముఖంతో కనబడదు. యజమానీ నగరమే, అప్పిచ్చేదీ నగరమే, బ్యాంకుకు గ్యారంటీ ఇచ్చేదీ నగరమే, పెద్ద ఖాతాదారూ నగరమే. ఆఫీసులో ఈ నాలుగు ఫైళ్లూ చివరికి ఒకే ఒకరిద్దరి టేబుల్ మీదకు వస్తాయి. అప్పిచ్చినవాడిగా "మీ దగ్గర డబ్బు రాదేమో" అని అడగాల్సిన మనిషే, యజమానిగా "మా కంపెనీ బ్రహ్మాండంగా ఉంది" అని కౌన్సిల్‌కు నోట్ రాయాల్సి వస్తుంది.

లండన్‌లో క్రాయ్‌డన్ కౌన్సిల్ చూడండి. బ్రిక్ బై బ్రిక్ అని సొంత గృహ నిర్మాణ కంపెనీ పెట్టి దానికి దాదాపు 20 కోట్ల పౌండ్లు అప్పిచ్చారు. 2020 అక్టోబరులో బయటి ఆడిటర్లు ప్రజాహిత నివేదిక ఇచ్చేనాటికి వడ్డీగానీ డివిడెండ్‌గానీ చేతికి రాలేదు. కౌన్సిల్ మొత్తానికీ కళ్లు మూసుకుపోయాయన్న అర్థంలో ఆ నివేదిక రాసింది. నవంబరులో కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చుకుంది, అంటే తప్పనిసరి సేవలకు తప్ప కొత్త ఖర్చు ఆపేయడం. 2023 జూన్‌లో వోకింగ్ కౌన్సిల్ కూడా అదే నోటీసు ఇచ్చింది, తన కంపెనీలకు అప్పులు తెచ్చిపెట్టి, దాదాపు 120 కోట్ల పౌండ్ల లోటు ఎదురుగా పెట్టుకుని. చిన్న ఊరు అది.

అందుకే నేను కొత్త డైరెక్టర్ గారిని అడుగుతున్నాను. మీ కంపెనీకి నగరం అప్పు కూడా ఇచ్చిందా? ఆ ఫైలు నగరంలో ఎవరు చూస్తారు?

కొత్త_డైరెక్టర్

ఇచ్చింది సార్. ఆ ఫైలు చూసేది మా విభాగమే. నా పై అధికారి.

ఆడిట్ గారూ, మీరు చెప్పినట్టు పట్టిక తేదీలతో తెప్పించాను. బోర్డుకు ఇచ్చిన ప్రతిలో 180 రోజులు దాటినవి అన్న గడి ఖాళీగా ఉంది, చూసి సంతోషపడేలా ఉంది. వివరాలు విప్పితే విషయం వేరు. మూడు నెలలకోసారి పాత బిల్లులన్నిటికీ క్రెడిట్ నోట్ వేసి రద్దు చేసి, అదే మొత్తానికి ఆ రద్దు చేసిన రోజు తేదీతో కొత్త బిల్లు వేశారు. దాంతో ఏ బిల్లూ ముసలిది కాలేదు. అడిగితే, నగరం వాళ్లు ఫార్మాట్ మార్చమన్నారు కాబట్టి మళ్లీ వేశాం అంటున్నారు.

ఆడిట్_కళ్లు

నేను భయపడింది ఇదే. ఒకసారి ఫార్మాట్ కోసం మళ్లీ వేశారంటే నమ్మొచ్చు, ప్రతి త్రైమాసికం చివరి వారంలో వేశారంటే అది ఫార్మాట్ కాదు. పైగా ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 ప్రకారం రాని బాకీకి నష్టం అంచనా కట్టేటప్పుడు ఎక్కువమంది వాడేది ఈ వయసు పట్టికనే. పట్టికే తప్పయితే ప్రొవిజన్, అంటే ఆ నష్టానికి లెక్కలో పక్కన పెట్టే మొత్తం, తప్పు, ప్రొవిజన్ తప్పయితే లాభం తప్పు. మీకు ఫోన్‌లో చెప్పిన లాభం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా.

ఈ సంగతి ఆడిట్ కమిటీ చైర్మన్‌కు, బయటి ఆడిటర్‌కు రాతలో చెప్పండి, ఇవాళే. డైరెక్టర్లు ఆడిటర్‌కు ఇచ్చే హామీ పత్రం ఉంటుంది, మాకు తెలిసిన సమాచారమంతా ఇచ్చాం అని. తెలిసి ఇది దాచి ఆ పత్రం మీద సంతకం పెడితే అది అజాగ్రత్త కిందికి రాదు, అబద్ధం కిందికే వస్తుంది.

వార్డు_గొంతు

ఇది తప్పే, సమర్థించను. కానీ చూడండి, ఆ బోర్డులో కౌన్సిల్ సభ్యులు ఉండుంటే ఇది ముందే బయటపడేది. అధికారులను, నిపుణులను మాత్రమే పెడితే ఇలాగే ఉంటుంది.

ఖజానా_వైపు

అన్నా, ఇక్కడ మాత్రం ఒప్పుకోలేను. నాటింగ్‌హామ్ కౌన్సిల్ రాబిన్ హుడ్ ఎనర్జీ అని 2015లో కరెంటు, గ్యాస్ అమ్మే కంపెనీ పెట్టింది. పేదవాళ్లకు చౌకగా ఇవ్వాలని, ఉద్దేశం నిజంగా మంచిది. బోర్డులో కౌన్సిలర్లే ఉన్నారు. 2018-19 ఒక్క ఏడాదిలో 2.31 కోట్ల పౌండ్ల నష్టం. 2019లో పునరుత్పాదక విద్యుత్ కింద కట్టాల్సిన 95 లక్షల పౌండ్లు కట్టలేక, ఆ సొమ్ము కోసం మళ్లీ కౌన్సిల్ అప్పు. 2020 ఆగస్టులో వచ్చిన ప్రజాహిత నివేదిక, సంస్థ మొత్తానికీ పట్టిన గుడ్డితనం అన్న మాట వాడింది. సెప్టెంబరులో ఖాతాదారులను బ్రిటిష్ గ్యాస్‌కు అప్పజెప్పి దుకాణం కట్టేశారు. కౌన్సిలర్లు బోర్డులో ఉన్నారు కాబట్టి అంతా తెలుసు అనుకుని కౌన్సిల్ వైపు ఎవరూ గట్టిగా అడగలేదు. బోర్డులో ఉన్న కౌన్సిలర్లకేమో ఆ వ్యాపారం లోతు తెలియదు.

దక్షిణాఫ్రికా మునిసిపల్ వ్యవస్థల చట్టం సెక్షన్ 93ఎఫ్ అసలు కౌన్సిలర్లు మునిసిపల్ సంస్థల్లో డైరెక్టర్లు కాకూడదని చెప్పేసింది. ఏ మునిసిపాలిటీ కౌన్సిలర్ అయినా సరే.

సెక్రటరీ_డెస్క్

నిషేధమే మందు అని నేననను. జర్మన్ నగరాల్లో స్టాట్‌వెర్కె అనే నీళ్లు, కరెంటు, బస్సుల కంపెనీల పర్యవేక్షక బోర్డుల్లో మేయర్లు, కౌన్సిలర్లు కూర్చోవడం మామూలే, చాలావరకు బాగానే నడుస్తాయి. నడవనివీ ఉన్నాయి, 2014లో గేరా నగరం స్టాట్‌వెర్కె దివాలా తీసింది. అక్కడ రెండు ఏర్పాట్లు నాకు ముఖ్యం అనిపిస్తాయి. ఒకటి, షేర్ల కంపెనీల చట్టం సెక్షన్ 394, నగరం తరఫున బోర్డులో ఉన్న సభ్యుడు తన నగరానికి నివేదించాల్సిన విషయాల్లో గోప్యత అడ్డు చెప్పనక్కర్లేదు. సెక్షన్ 395 ఆ సమాచారం అందుకున్నవాళ్లు దాన్ని కాపాడాలంటుంది. అంటే వార్డు అన్న అడిగిన ప్రశ్నకు, రహస్యం పేరు చెప్పి కౌన్సిల్‌ను చీకట్లో పెట్టొద్దు అన్నదానికి, చట్టంలోనే దారి ఉంది.

రెండోది బడ్జెట్ సూత్రాల చట్టం సెక్షన్ 53. నగరానికి మెజారిటీ వాటా ఉన్న కంపెనీల్లో ఆడిటర్ అంకెలతో ఆగకుండా, యాజమాన్యం సక్రమంగా నడిపిందా లేదా అని కూడా పరీక్షించాలని నగరం కోరొచ్చు. దానికి పెద్ద ప్రశ్నావళి ఉంటుంది. బోర్డు ఎన్నిసార్లు కూర్చుంది, నష్టాలకు కారణం ఏమిటి, డబ్బు సర్దుబాటు ఎలా చేస్తున్నారు, ఇలాంటివి. మామూలు ఆడిట్‌లో ఇవి ఎవరూ అడగరు.

కౌన్సిలర్లు బోర్డులో ఉన్నా లేకపోయినా, నగరం వైపు కంపెనీ కాగితాలు చదివే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి బోర్డులో ఉండకూడదు.

వార్డు_గొంతు

ఆ చివరి మాట నాకు నచ్చింది. బోర్డులో ఉన్నవాడు కౌన్సిల్‌లో లేచి "నా కంపెనీ బాగాలేదు" అనడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ ఉన్నానుగా ఆ సభలో. కమిటీ పెట్టండి, ప్రతిపక్ష సభ్యుడిని కూడా అందులో వేయండి, మూడు నెలలకోసారి కంపెనీ ఎండీ వచ్చి జవాబు చెప్పాలి. అదైతే సరే.

పన్ను_కట్టేవాడు

ఎవరూ మాట్లాడలేదు గానీ, జీతాల్లోంచి పట్టుకున్న పన్ను కట్టట్లేదన్నారు, అది నాకు అన్నిటికంటే ఘోరంగా అనిపించింది. అది కంపెనీ డబ్బే కాదు కదా?

ఆడిట్_కళ్లు

కాదు. నూటికి నూరుపాళ్లు మీరన్నది నిజం. ఉద్యోగి జీతంలోంచి పట్టుకున్నాక అది ప్రభుత్వం తరఫున చేతిలో ఉన్న సొమ్ము. డీజిల్ బిల్లు, టైర్ల బిల్లు ఆలస్యమైతే సప్లయర్ గొడవ చేస్తాడు, పన్ను శాఖ ఆలస్యంగా మేలుకొంటుంది, అందుకే కష్టంలో ఉన్న ప్రతి కంపెనీ మొదట ఈ సొమ్ము మీదే చెయ్యి వేస్తుంది. డైరెక్టర్లకు సొంత ఆస్తి మీదికి వచ్చేది కూడా ఇదే. కెనడా ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 227.1 చూడండి. కంపెనీ కట్టకపోతే డైరెక్టర్లు వ్యక్తిగతంగా బాధ్యులు, పదవి వదిలేసిన తర్వాత కూడా 2 ఏళ్ల వరకు వాళ్ల మీద చర్య మొదలుపెట్టొచ్చు. తప్పించుకోవాలంటే తగినంత జాగ్రత్త తీసుకున్నానని డైరెక్టరే చూపించాలి. నగరం కంపెనీ కదా, మమ్మల్నెవరు అడుగుతారు అనే ధీమా చాలామందికి ఉంటుంది. కంపెనీ పెట్టాక అది కంపెనీయే, యజమాని ఎవరన్నదాన్ని బట్టి ఈ బాధ్యత తగ్గదు.

మీ దేశంలో సెక్షన్ నంబరు వేరుగా ఉండొచ్చు, కానీ ప్రతి బోర్డు మీటింగుకూ ఒక పేజీ సర్టిఫికెట్ అడగండి. ఏ పన్ను, ఏ నెలది, కట్టాల్సిన తేదీ, కట్టిన తేదీ, ఫైనాన్స్ హెడ్ సంతకం. ఈ ఒక్క పేజీ వచ్చేదాకా మిగతా ఎజెండా మొదలుపెట్టొద్దు.

కొత్త_డైరెక్టర్

ఆ పేజీ అడిగాను. ఇస్తామన్నారు గానీ ఇంకా రాలేదు. ఇంకో సందేహం. నగరం సపోర్ట్ లెటర్ ఇస్తుంది, దాంతో గోయింగ్ కన్సర్న్ సమస్య, అంటే కంపెనీ ఇకముందు నడవగలదా అన్న అనుమానం, తీరిపోతుంది అంటున్నారు. డ్రాఫ్ట్ చూశాను, "అవసరమైన సహాయం అందించాలనే ఉద్దేశం నగరానికి ఉంది" అని ఉంది. ఇది చాలా?

ఖజానా_వైపు

చాలదు. ఇలాంటి లెటర్లు రాసేవాడిగా చెప్తున్నాను, ఆ వాక్యాన్ని అంత జాగ్రత్తగా రాసేది తర్వాత ఎవరూ పట్టుకోకుండా ఉండాలనే. ఉద్దేశం ఉండటం వేరు, కట్టుబడి ఉండటం వేరు. లెటర్ మీద ఎవరు సంతకం పెడుతున్నారు, అతనికి అంత మొత్తానికి అధికారం ఉందా, కౌన్సిల్ తీర్మానం జతచేశారా, ఎంత మొత్తం వరకు, ఏ తేదీ వరకు, బడ్జెట్‌లో పద్దు ఉందా. ఐఏఎస్ 1 ప్రకారం గోయింగ్ కన్సర్న్ చూసేటప్పుడు లెక్కల తేదీ నుంచి కనీసం 12 నెలలు ముందుకు చూడాలి. లెక్కలు ఆలస్యంగా ఆమోదిస్తుంటే అందులో చాలా నెలలు ఇప్పటికే గడిచిపోయి ఉంటాయి, కాబట్టి ఆమోదం తేదీ నుంచి లెక్కపెట్టుకోండి. నగరం ఇచ్చిన అప్పును ఆ కాలంలో తిరిగి అడగం అని కూడా రాయించుకోవాలి, లేకపోతే ఒక చేత్తో సపోర్ట్ ఇచ్చి ఇంకో చేత్తో కిస్తీ అడుగుతారు.

నగరం వైపు కూడా దీనికి లెక్క ఉంది, మర్చిపోకండి. కంపెనీకి హామీ ఇస్తే అది నగరం పుస్తకంలో రిస్కుగా కనబడాలి. ఉమ్మడి లెక్కలు వేసేటప్పుడు, ప్రభుత్వ సంస్థల అంతర్జాతీయ ప్రమాణం ఇప్సాస్ 35 పాటించినా ఐఎఫ్‌ఆర్‌ఎస్ 10 పాటించినా, రెండు వైపుల బాకీలు ఒకదానికొకటి కొట్టేయాలి. కంపెనీ రావాలి అంటోంది, నగరం ఇవ్వాలి అనడం లేదు, అప్పుడు ఏది దేనితో కొట్టేస్తారు? ఈ తేడా ఉమ్మడి లెక్కల్లో ఎలాగూ బయటపడుతుంది. మీ పై అధికారికి ఇలా చెప్పండి, ఆయనకూ ఇది తలనొప్పే కాబట్టి వింటారు.

సెక్రటరీ_డెస్క్

పై అధికారి అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. కొత్త డైరెక్టర్ గారూ, మీ ప్రయోజనాల వైరుధ్యం రాతలో ప్రకటించారా? మీరు నగరం ఆర్థిక విభాగంలో ఉద్యోగి, కంపెనీకి అప్పిచ్చిన ఫైలు మీ పై అధికారిది, పాసుల బాకీ వివాదం మీ విభాగానికీ కంపెనీకీ మధ్యే. రిజిస్టర్‌లో "నగర ఉద్యోగి" అని ఒక్క మాట రాస్తే సరిపోదు. ఏ అంశం వచ్చినప్పుడు చర్చలో ఉంటారు, దేనికి గది బయటికి వెళ్తారు అన్నది ముందే ఛైర్మన్‌తో మాట్లాడి మినిట్స్‌లో రాయించండి. అప్పు షరతుల మీద ఓటింగ్ అయితే బయటికి వెళ్లాలి. లెక్కల ఆమోదానికి ఉండాలి, మీకు తెలిసింది చెప్పాలి.

మినిట్స్ విషయంలో గట్టిగా ఉండండి. "బోర్డు చర్చించి గమనించింది" అని రాసి పంపిస్తారు. మీరు క్రెడిట్ నోట్ల గురించి అడిగారు, ఎండీ ఏం జవాబు చెప్పారు, ఎప్పటిలోగా పత్రాలు ఇస్తానన్నారు, ఇవి ఉండాలి. డ్రాఫ్ట్‌లో లేకపోతే సవరణ మెయిల్ చేయండి, ఆమోదించే మీటింగులో అభ్యంతరం చెప్పండి. మెయిల్ మీ సొంత ఐడీలోంచి కాకుండా కంపెనీ ఐడీ నుంచే పంపండి, రికార్డులో ఉండాలి.

కొత్త_డైరెక్టర్

అప్‌డేట్. ఛైర్మన్‌కు, ఆడిట్ కమిటీకి, బయటి ఆడిటర్‌కు ఒకే లెటర్ పంపాను. లెక్కల ఆమోదం వాయిదా వేశారు. మేయర్ ఆఫీసుకు రాతలో ఇవ్వమని అడిగాను, ఇప్పటివరకు ఏదీ రాలేదు. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్‌కు, అంటే మాకు ఎంత బాకీ ఉన్నారో చెప్పమని రాసిన లెటర్‌కు, నగరం ఖజానా నుంచి జవాబు వచ్చింది. ఒప్పందం గడువు తీరే వరకు ఉన్న బాకీ ఒప్పుకున్నారు, అక్కణ్నుంచి వేసిన బిల్లులకు "ఒప్పందం లేదు, బడ్జెట్ లేదు" అని రాశారు. ఇప్పుడు కంపెనీ ఫైనాన్స్ వాళ్లు కొత్త దారి చెప్తున్నారు, కౌన్సిల్ చేత వచ్చే నెల పాత తేదీ నుంచి అమలయ్యేలా ఒప్పందం చేయిద్దాం, దాన్ని ఈ లెక్కల్లోనే చూపిద్దాం అని. ఇలా చేయొచ్చా?

ఆడిట్_కళ్లు

అంత తేలిక కాదు. ఐఏఎస్ 10 ప్రకారం, లెక్కల తేదీ నాటికే ఉన్న పరిస్థితికి తర్వాత సాక్ష్యం దొరికితే అంకెలు సవరిస్తారు. తర్వాత కొత్తగా పుట్టిన పరిస్థితి అయితే నోట్‌లో చెప్తారు, అంకె మార్చరు. కాబట్టి ప్రశ్న ఏంటంటే, లెక్కల తేదీ నాటికి నగరాన్ని కట్టమని అడిగే చట్టబద్ధమైన హక్కు కంపెనీకి ఉందా? ఒప్పందం రాతలోనే ఉండాలని ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 అనదు, నోటి మాటగా గానీ అలవాటైన వ్యవహారంగా గానీ ఉండొచ్చు. పాసులు ఆపొద్దని నగరం లెటర్ ఏమైనా ఇచ్చిందా, గడువు తీరాక ఒక్క బిల్లైనా కట్టిందా, గతంలో ఇలా గడువు దాటాక కట్టిన చరిత్ర ఉందా, ఇవి వెతకండి. ఇవి ఉంటే లాయర్ అభిప్రాయం తీసుకోవచ్చు. లేకపోతే ఆ ఆదాయం ఈ ఏడాది లెక్కల్లోంచి తీసేయాలి, నష్టం నష్టంగానే చూపాలి, ఒప్పందం తర్వాత వస్తే వచ్చే ఏడాదిలో రాసుకోవాలి.

ఖజానా_వైపు

నేనొకటి కలుపుతాను. లాయర్‌ను కంపెనీయే విడిగా పెట్టుకోవాలి, నగరం న్యాయ విభాగాన్ని అడగొద్దు. ఈ విషయంలో నగరం అవతలి పక్షం.

సెక్రటరీ_డెస్క్

వాయిదా మీటింగు నోటీసు మళ్లీ వెళ్లాలి, పాత ఎజెండా మీద నడపనివ్వకండి. పన్నుల సర్టిఫికెట్ మొదటి అంశం, లాయర్ అభిప్రాయం రెండోది, లెక్కలు ఆ తర్వాత. నగరం అప్పు షరతుల అంశం విడిగా చివర్లో పెట్టమని చెప్పండి, దానికి మీరు బయటికి వెళ్లిన సమయం, తిరిగి వచ్చారా లేదా అన్నది మినిట్స్‌లో రాయించుకోండి. లెక్కలు దాఖలు చేసే గడువు దాటేలా ఉంటే, దాటకముందే కంపెనీల రిజిస్ట్రార్‌కు పొడిగింపు దరఖాస్తు వెళ్లాలి, అది ఎండీ పని, పంపిన రసీదు మాత్రం మీరు అడిగి చూడండి.